ఎన్ని, ఎంత, ఎన్నో: ఇంగ్లీషులో లెక్క అడగడం దగ్గర మనం ఎక్కడ తప్పుతున్నాం?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేరి మూడు నెలలైందన్నారు. "ఎన్ని అంటే హౌ మెనీ, ఎంత అంటే హౌ మచ్" అని స్కూల్లో నేర్చుకున్నారు. దాన్నే పట్టుకుని మాట్లాడుతున్నా రోజుకో తప్పు బయటపడుతోంది. "హౌ మెనీ లగేజెస్ సర్?" అంటే మేనేజరు పక్కకి పిలిచి దిద్దాడు. "ఫ్రమ్ హౌ మెనీ డేస్ యూ ఆర్ స్టేయింగ్ హియర్?" అంటే అతిథి నవ్వి ఊరుకున్నాడు. సూత్రం సరైనదే అయినప్పుడు తప్పు ఎక్కడ జరుగుతోందని మీ సందేహం.

సూత్రం తప్పు కాదు, సగమే. తెలుగులో ఎన్ని, ఎంత అనే రెండు మాటలు చేసే చాకిరీని ఇంగ్లీషు నాలుగైదు మాటలకి పంచిపెట్టింది. ఏది ఎప్పుడు వాడాలో ప్రశ్న మాటని చూస్తే తెలియదు, దాని పక్కన వచ్చే నామవాచకాన్ని చూస్తే తెలుస్తుంది. మనమేమో ముందు ప్రశ్న మాటని అనువాదం చేసేసి, ఆ తర్వాత నామవాచకం కోసం వెతుక్కుంటాం. బండి వెనక ఎద్దుల్ని కట్టినట్టు అవుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి అసలు విషయంలోకి వస్తాను. మస్కట్‌లో ఒక హోటల్ స్టోర్స్‌లో తొమ్మిదేళ్ళు పనిచేశాను, ఆ తర్వాత రాజమండ్రి వచ్చి పద్నాలుగేళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. స్టోర్స్ ఉద్యోగమంటే పొద్దున్న లేచింది మొదలు ఎన్ని, ఎంత అని అడగడమే. కాబట్టి ఈ తప్పులన్నీ నేను సొంతంగా చేసి నేర్చుకున్నవే. చేరిన రెండో నెలలో ఇండెంటు కాగితం (ఏ సరుకు ఎంత కావాలో రాసే చీటీ) మీద "కుకింగ్ ఆయిల్ 20" అని రాసి పంపాను. నా మనసులో ఉన్నది ఇరవై పెద్ద డబ్బాలు. సాయంత్రం వచ్చినవి ఇరవై లీటరు సీసాలు. మర్నాడు మూడువందల మంది విందు. వంటమాస్టరు నన్ను ఏ భాషలో తిట్టాడో ఇప్పటికీ తెలియదు, భావం మాత్రం బాగానే అర్థమైంది.

ఆయిల్ అనే మాట పక్కన అంకె నిలబడదు. మధ్యలో ఏదో ఒక పాత్ర ఉండాలి: లీటరో, సీసానో, డబ్బానో. ఈ సంగతి మనకి కొత్తేమీ కాదు. అమ్మమ్మల కాలంలో బియ్యం కొలవాలంటే గిద్దె, సోల, తవ్వ, మానిక ఉండేవి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. "నాలుగు బియ్యం పొయ్యి" అని ఎవరూ అనలేదు, "నాలుగు సోలల బియ్యం పొయ్యి" అన్నారు. ఇంగ్లీషులో లెక్కకి లొంగని నామవాచకం ఏది కనిపించినా చేతిలో ఒక సోల ఉందనుకోండి. హౌ మచ్ రైస్ అని అడగొచ్చు, హౌ మెనీ కప్స్ ఆఫ్ రైస్ అని కూడా అడగొచ్చు. మొదటిది రైస్‌ని అడుగుతోంది, రెండోది కప్పుల్ని లెక్కపెడుతోంది.

మరి మనకి ఇబ్బంది ఎక్కడొస్తుంది? తెలుగు, ఇంగ్లీషు ఏకవచన బహువచనాల్ని ఒకే చోట గీత గీసి విడదీయవు. మన ఇంట్లో పాలు పొంగుతాయి, నీళ్ళు కాగుతాయి, బియ్యం అయిపోతాయి. మూడూ బహువచనాలే. కానీ నూనె అయిపోతుంది, పెరుగు పులుస్తుంది, అన్నం మాడుతుంది. ఇవి ఏకవచనాలు. ఇంగ్లీషుకి పాలైనా నూనైనా ఒకటే, రెండూ ఏకవచనం. "గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు పొయ్యాలి?" అన్నది మన నోట్లో సహజమైన మాట. దాన్ని యథాతథంగా దింపితే హౌ మెనీ వాటర్ అవుతుంది. "మిల్క్ ఆర్ ఓవర్" అనీ, "వాటర్ ఆర్ నాట్ కమింగ్" అనీ వినిపించినప్పుడల్లా నాకు వెనకాల తెలుగు వాక్యం వినిపిస్తుంది. పిల్లవాడు వ్యాకరణం రాక అన్నది కాదది. తెలుగు వ్యాకరణం మరీ బాగా వచ్చి అన్నది. జుట్టు సంగతీ అంతే. "వెంట్రుకలు రాలిపోతున్నాయి" అన్నది "మై హెయిర్స్ ఆర్ ఫాలింగ్" అవుతుంది. అక్కడ "మై హెయిర్ ఈజ్ ఫాలింగ్ అవుట్" అనాలి. అయితే అతిథి ప్లేటులో వచ్చిన ఒకే ఒక్క వెంట్రుకని మాత్రం "ఎ హెయిర్" అనొచ్చు. మీ ఉద్యోగంలో ఆ మాట వినాల్సి రాకూడదని కోరుకుంటున్నాను.

ఇంగ్లీషువాళ్ళు కూడా ఈ గీతని ఎప్పుడూ ఒకే చోట ఉంచలేదు. బఠాణీకి వాళ్ళు పూర్వం పీజ్ అనేవారు. అది మన కందిపప్పులాగ రాశికి పేరు, బహువచనం కాదు. చివర ఉన్న జ్ శబ్దాన్ని జనం బహువచన ప్రత్యయం అనుకుని, దాన్ని కోసేసి పదిహేడో శతాబ్దంలో పీ అనే కొత్త ఏకవచనాన్ని పుట్టించారు. ఈనాటికీ వీట్ అంటే ఏకవచనం, ఓట్స్ అంటే బహువచనం. రెండూ గింజలే. ఇందులో తర్కం వెతక్కండి, దొరకదు. మన వడ్లు బహువచనం, అన్నం ఏకవచనం ఎందుకయ్యాయో మనం మాత్రం చెప్పగలమా?

అందరూ తప్పకుండా అడిగే సందేహం డబ్బు గురించి. "సార్, డబ్బుని లెక్కపెడతాం కదా, మరి హౌ మెనీ మనీ ఎందుకు కాదు?" లెక్కపెట్టేది రూపాయల్ని. నోట్లు, నాణేలు లెక్కకి వస్తాయి. మనీ అన్నది వాటన్నిటినీ కుప్పగా పోస్తే వచ్చే పేరు. ఈ విషయంలో మనవాళ్ళు తడబడటానికి ఒక ముచ్చటైన కారణం ఉంది. డబ్బు అన్నది ఒకప్పుడు చిన్న రాగి నాణెం పేరు. తెలంగాణలో వాడే పైసలు కూడా నాణేల పేరే. కాబట్టి "డబ్బులెన్ని ఉన్నయ్?", "పైసలెన్ని కావాలె?" అని అడిగినప్పుడు, మాట పుట్టుకని బట్టి చూస్తే మనం నిజంగానే నాణేలు లెక్కపెడుతున్నాం. ఇంగ్లీషు మనీకి ఆ అర్థం లేదు. హౌ మచ్ మనీ, లేకపోతే హౌ మెనీ రుపీస్.

ఇప్పుడు మీ లగేజెస్ దగ్గరికి వస్తాను. నేను క్లాసులో దీన్ని గంప లెక్క అంటాను. గంప పేరు వేరు, గంపలో సరుకు పేరు వేరు. లగేజ్ గంప పేరు, బ్యాగ్ లోపలి సరుకు. ఫర్నిచర్ గంప, కుర్చీ సరుకు. జ్యువెలరీ గంప, గాజు సరుకు. మెషినరీ గంప, మెషిన్ సరుకు. మా స్టోర్స్‌లో కట్లరీ, క్రాకరీ, లినెన్, ఎక్విప్‌మెంట్ అన్నీ గంపలే. స్పూన్లు, ప్లేట్లు, దుప్పట్లు సరుకులు. గంప పేరుకి మచ్, సరుకు పేరుకి మెనీ. గంప పేరు చివర ఎస్ తగిలించారంటే తప్పులో కాలేసినట్టే: లగేజెస్, ఫర్నిచర్స్, ఎక్విప్‌మెంట్స్, సాఫ్ట్‌వేర్స్. కంటికి కనబడని గంపలు కూడా ఉన్నాయి: ఇన్ఫర్మేషన్, అడ్వైస్, న్యూస్, ఫీడ్‌బ్యాక్, హోమ్‌వర్క్. మనకి సలహాలు, వార్తలు బహువచనాలు కాబట్టి "మెనీ అడ్వైసెస్", "న్యూస్ ఆర్ కమింగ్" అని నోటికొచ్చేస్తుంది. ఈ లెక్కకీ ఒక చిల్లు ఉంది. వెజిటబుల్స్ గంప పేరే అయినా శుభ్రంగా లెక్కకి వస్తుంది, హౌ మెనీ వెజిటబుల్స్ అనొచ్చు. చిల్లు ఉన్నా గంప పనికొస్తుంది, వాడుకోండి.

మీ కౌంటర్ దగ్గరైతే "హౌ మెనీ బ్యాగ్స్ డు యూ హావ్, సర్?" అనేస్తే గొడవ లేదు.

ఒకే మాట రెండు వేషాలు వేసే సందర్భాలు కూడా ఉంటాయి, హోటల్లో ఇవే ఎక్కువ. వంటింటి నుంచి ఫోనొచ్చి "హౌ మెనీ చికెన్స్?" అంటే మొత్తం కోళ్ళు ఎన్ని అని. "హౌ మచ్ చికెన్?" అంటే మాంసం ఎన్ని కిలోలు అని. మొదటిదానికి పన్నెండు అనీ, రెండోదానికి పన్నెండు కిలోలనీ చెప్పాలి. ఆ తేడా తెలియకపోతే విందు ఏమవుతుందో నన్నడగండి. కాఫీ గంప పేరే అయినా ఫలహారశాలలో "టూ కాఫీస్, ప్లీజ్" అన్నది తప్పు కాదు. కప్పు అనే మాట మనసులో ఉండిపోయింది, అంతే. మనం "రెండు కాఫీ" అనడం లాంటిదే. టైమ్ కూడా ఇలాంటిదే: హౌ మచ్ టైమ్ అంటే ఎంతసేపు, హౌ మెనీ టైమ్స్ అంటే ఎన్నిసార్లు.

ఇక మనుషుల లెక్క. తెలుగులో మనుషులకి విడిగా ఎంతమంది, ఎందరు ఉన్నాయి. ఇంగ్లీషులో లేవు, మళ్ళీ హౌ మెనీయే. అయితే మనవాళ్ళు "మంది" అనే ముక్కని వదల్లేక దానికి మెంబర్స్ అనే మాట తగిలిస్తారు. "హౌ మెనీ మెంబర్స్, సర్?" ఈ ప్రశ్న మన దేశంలో ప్రతి రెస్టారెంటు గుమ్మంలోనూ వినిపిస్తుంది. మెంబర్ అంటే క్లబ్బుకో సంఘానికో సభ్యుడు. భోజనానికి వచ్చినవాళ్ళు సభ్యులు కారు. "ఫర్ హౌ మెనీ, సర్?" అంటే చాలు, "హౌ మెనీ పీపుల్?" అన్నా సరే. జవాబు చెప్పేటప్పుడు మాత్రం ఇంకో గుంట ఉంది. మేం నలుగురం అన్నదాన్ని "వి ఆర్ ఫోర్ మెంబర్స్" అంటాం. వాళ్ళు "దేర్ ఆర్ ఫోర్ ఆఫ్ అస్" అంటారు. మీరెంతమంది అని అడగాలంటే "హౌ మెనీ ఆఫ్ యూ ఆర్ దేర్?" ఈ ఒక్క వాక్యం బట్టీపట్టండి. నా విద్యార్థుల్లో దీన్ని సొంతంగా కనుక్కున్నవాళ్ళు ఒక్కరూ లేరు. తెలుగులో "నలుగురం" అన్న ఒక్క మాటలోనే "మేము" కూడా కలిసిపోయి ఉండటం వల్ల, దాన్ని విడగొట్టి "ఆఫ్ అస్" అనాలని మనకి తట్టదు.

ఇప్పటిదాకా చెప్పింది స్కూల్లో చెప్పే పాఠానికి కాస్త మెరుగులు దిద్దడమే. స్కూల్లో చెప్పనిది ఇక్కడ మొదలవుతుంది.

తెలుగులో ఎంత పక్కన నామవాచకం వస్తుంది. ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎంత లోతు, ఎంత వయసు, ఎంత బరువు. ఇంగ్లీషు ఇక్కడ మచ్‌ని పూర్తిగా వదిలేసి, హౌ పక్కన విశేషణాన్ని పెడుతుంది. హౌ ఫార్, హౌ హై, హౌ డీప్, హౌ ఓల్డ్, హౌ హెవీ. "హౌ మచ్ డిస్టెన్స్ ఈజ్ ద ఎయిర్‌పోర్ట్?" అంటే అర్థమైతే అవుతుంది, కానీ "హౌ ఫార్ ఈజ్ ది ఎయిర్‌పోర్ట్?" అన్నది వాళ్ళ మాట. హౌ మచ్ ఏజ్, హౌ మచ్ హైట్, హౌ మచ్ వెయిట్ ఇవన్నీ ఒకే తప్పుకి వేర్వేరు చొక్కాలు తొడిగినట్టు. ఎంత బాగుందో అన్నప్పుడు కూడా మన ఎంత అడ్డొస్తుంది. "హౌ మచ్ నైస్" కాదు, "హౌ నైస్!"

రెండో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. కొన్ని నామవాచకాల కడుపులోనే "ఎంత" ఉంటుంది. ప్రైస్ అంటేనే ఎంత అన్నది. స్పీడ్, టెంపరేచర్, పాపులేషన్, పర్సెంటేజ్, లెవెల్, రేట్ అన్నీ ఇలాంటివే. వాటికి మళ్ళీ హౌ మచ్ తగిలిస్తే ఎంత ఎంత అన్నట్టు అవుతుంది. వీటికి వాట్ కావాలి: వాట్ ఈజ్ ద ప్రైస్, వాట్ ఈజ్ ద టెంపరేచర్, వాట్ ఈజ్ ద పాపులేషన్, వాట్ పర్సెంటేజ్. లేదా ఆ నామవాచకాన్నే తీసేసి "హౌ మచ్ ఈజ్ ఇట్?", "హౌ హాట్ ఈజ్ ఇట్?", "హౌ ఫాస్ట్ వాజ్ హి గోయింగ్?" అనాలి. రెంట్, ఫేర్, ఫీ, బిల్ మాత్రం జేబులోంచి నిజంగా తీసి ఇచ్చే డబ్బుకి పేర్లు. కాబట్టి "హౌ మచ్ ఈజ్ ద రెంట్?" అన్నది చక్కటి ఇంగ్లీషే.

ఇదే రోగం బ్యాంకు కౌంటర్లలో "హౌ మచ్ అమౌంట్ యూ వాంట్?" రూపంలో, ఆఫీసుల్లో "హౌ మెనీ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్?" రూపంలో కనిపిస్తుంది. అమౌంట్ అంటే ఎంత, నంబర్ అంటే ఎన్ని. "హౌ మచ్ వుడ్ యూ లైక్ టు విత్‌డ్రా?" దగ్గర అమౌంట్ లేదు, మనీ కూడా లేదు, అయినా ఎవరికీ సందేహం రాదు. ఇంగ్లీషులో లెక్క అడగడం వచ్చినవాడికి గుర్తు అదే: తీసేయగలిగిన మాట తీసేస్తాడు. కొట్టులో మనం "ఎంతయింది?" అంటామే, దానికి వాళ్ళు "హౌ మచ్ డు ఐ ఓ యూ?" అంటారు. లెక్క కట్టి చెప్పమంటే "హౌ మచ్ డజ్ ఇట్ కమ్ టు?" రెండింటిలోనూ ప్రైస్, కాస్ట్, అమౌంట్ అనే మాటల జాడ లేదు.

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళే పెద్దవాళ్ళు నా క్లాసుకి వస్తుంటారు. వాళ్ళకి భాషకన్నా కొలతలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అక్కడ కూరగాయలు పౌండు లెక్కన, పౌండంటే సుమారు 454 గ్రాములు. పాలు గ్యాలన్ లెక్కన, గ్యాలన్‌కి 3.785 లీటర్లు. "హౌ మచ్ ఆర్ ద టొమాటోస్?" అని అడిగితే వచ్చే అంకె కిలోకి కాదని గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ ఒక చిన్న వింత ఉంది. టొమాటోలు లెక్కకి వస్తాయి కదా, హౌ మెనీ అనాలేమోనని ఒక పెద్దాయన పట్టుబట్టాడు. అడుగుతున్నది టొమాటోల సంఖ్య కాదు, వాటికిచ్చే డబ్బు. అందుకే హౌ మచ్. పక్కనున్న క్రియ మాత్రం టొమాటోల్ని బట్టి ఆర్ అయింది.

మందుల షాపులో మాత్రం తప్పు చేయకూడదు. మాత్రలు హౌ మెనీ, సిరప్ హౌ మచ్. స్పూను అని మాత్రం ఊరికే వదిలేయకండి. టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15. మూడింతల తేడా. పసిబిడ్డ మందు దగ్గర "హౌ మెనీ మిల్లీలీటర్స్?" అని అడగడమే మంచిది. ఆ వెంటనే ఇంకో రెండు అడగాలి: "హౌ ఆఫెన్?", "ఫర్ హౌ లాంగ్?" ఎంత వెయ్యాలి, ఎన్ని గంటలకొకసారి, ఎన్నాళ్ళు.

ఎన్నాళ్ళు అన్నాను కాబట్టి మీ రెండో తప్పు దగ్గరికి వస్తాను. "ఎన్ని రోజుల నుంచి ఉంటున్నారు" అన్నదాన్ని మాటకి మాట దింపితే "ఫ్రమ్ హౌ మెనీ డేస్" వస్తుంది. ఇంగ్లీషులో ఫ్రమ్ ఉండదు, వర్తమానకాలమూ ఉండదు. "హౌ లాంగ్ హావ్ యూ బీన్ హియర్?" అంతే. దీని పక్కనే ఒక కవల ఉంది: "హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?" మొదటిది "వచ్చి ఎన్నాళ్ళైంది?" రెండోది "మొత్తం ఎన్నాళ్ళుంటారు?" ఫ్రంట్ ఆఫీసులో ఈ రెండూ తారుమారైతే, నిన్ననే దిగిన అతిథి "ఫైవ్ డేస్" అంటాడు. మీరు ఐదు రోజుల బిల్లు తీస్తారు. అన్నట్టు హోటల్ లెక్క రోజుల్లో కాదు, రాత్రుల్లో. "హౌ మెనీ నైట్స్ విల్ యూ బి స్టేయింగ్?" అని అడగండి. సోమవారం మధ్యాహ్నం వచ్చి బుధవారం పొద్దున్న వెళ్ళేవాడికి అవి మూడు రోజులు, మీకు రెండు రాత్రులు.

వాక్యం అల్లిక గురించి ఒక్క మాట. "హౌ మచ్ ఇట్ కాస్ట్స్?" కాదు, "హౌ మచ్ డజ్ ఇట్ కాస్ట్?" కానీ మర్యాదకోసం ముందు "కుడ్ యూ టెల్ మి" పెడితే డజ్ మాయమై "హౌ మచ్ ఇట్ కాస్ట్స్" మళ్ళీ తిరిగొస్తుంది. ఎంతమంది వచ్చారు అన్నదానికి డిడ్ అక్కర్లేదు, "హౌ మెనీ కేమ్?" ఎంతమందిని పిలిచారు అన్నదానికి కావాలి, "హౌ మెనీ డిడ్ యూ ఇన్వైట్?" వచ్చిన వాళ్ళే కర్తలైతే డిడ్ ఉండదు.

ఫ్యూ, లిటిల్, ఫ్యూయర్, లెస్ గురించి కూడా అడిగారు. ఫ్యూ, ఫ్యూయర్ మెనీ పక్షం. లిటిల్, లెస్ మచ్ పక్షం. ఫ్యూ, లిటిల్ ముందు "ఎ" ఉంటే కొంచెం ఉందని, లేకపోతే దాదాపు లేదని. లెస్, ఫ్యూయర్ తేడా దగ్గర మరీ బెంగపడకండి. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్లు "టెన్ ఐటమ్స్ ఆర్ లెస్" అన్న బోర్డు మీద ఫిర్యాదులు పడలేక 2008లో "అప్ టు టెన్ ఐటమ్స్" అని మార్చుకున్నాయి. వాళ్ళే ఆ గొడవనుంచి తప్పుకున్నప్పుడు మనం ఎందుకు తల పెట్టాలి?

ఇక ఎన్నో. ఇది మన భాష చేసుకున్న భాగ్యం. ఎన్నో అన్న ఒక్క మాటతో వరసలో స్థానం అడిగేస్తాం. ఇంగ్లీషులో దానికి సమానమైన మాట లేదు. ఇంటర్వ్యూలో వెయ్యిసార్లు ఎదురయ్యే చిక్కుప్రశ్న ఇది: "నీలం సంజీవరెడ్డి దేశానికి ఎన్నో రాష్ట్రపతి?" ఆరో రాష్ట్రపతి అన్న జవాబు ఇంగ్లీషులో సులువే, ద సిక్స్త్ ప్రెసిడెంట్. ప్రశ్నే కుదరదు. "వాట్ నంబర్ ప్రెసిడెంట్" అని నెట్టుకురావచ్చు గానీ అదీ అతుకులబొంతే. "హౌ మెనీ ప్రెసిడెంట్స్ కేమ్ బిఫోర్ హిమ్?" అని అడిగి ఒకటి కలుపుకోవడం ఒక దారి. నా అభిప్రాయమైతే, ఎన్నోని అనువాదం చేయాలన్న పంతమే వదిలేయాలి. సందర్భాన్ని బట్టి వాళ్ళు ఏం అడుగుతారో అదే అడగాలి. ఎన్నో అంతస్తు అంటే "విచ్ ఫ్లోర్?" ఎన్నో తారీకు అంటే "వాట్ ఈజ్ ద డేట్ టుడే?" మీ ఇంట్లో మీరు ఎన్నోవారు అంటే "ఆర్ యూ ది ఎల్డెస్ట్?" గర్భిణిని ఎన్నో నెల అని అడగాలంటే "హౌ ఫార్ అలాంగ్ ఆర్ యూ?" ఈ ఆఖరిది నాకు మస్కట్‌లో ఒక నర్సు చెప్పింది. నేనైతే "హౌ మెనీ మంత్?" అని అడిగి ఉండేవాణ్ణి.

మీకు సాధన కావాలంటే మా క్లాసులో ఏటా వానాకాలం చేయించేది ఒకటి చెబుతాను. ఆగస్టులో టీవీ పెట్టగానే నాగార్జునసాగర్ కనిపిస్తుంది. ఆ ఒక్క వార్తలో మన ఎన్ని, ఎంతలన్నీ ఉంటాయి. ఎన్ని గేట్లు ఎత్తారు? 26 గేట్లలో ఎన్ని అన్నది లెక్కకి వచ్చేది, హౌ మెనీ గేట్స్ హావ్ దే ఓపెన్డ్. ఎంత నీరు వస్తోంది? హౌ మచ్ వాటర్ ఈజ్ కమింగ్ ఇన్. అదే క్యూసెక్కుల్లో కావాలంటే సోల చేతికొచ్చింది కాబట్టి హౌ మెనీ క్యూసెక్స్. నీటిమట్టం ఎంత? లెవెల్ కడుపులో ఎంత ఉంది కాబట్టి వాట్ ఈజ్ ద వాటర్ లెవెల్, పూర్తి మట్టం 590 అడుగులు. డ్యామ్ ఎంత ఎత్తు? హౌ హై ఈజ్ ద డ్యామ్, 124 మీటర్లు. ఎంత నీరు పడుతుంది? హౌ మచ్ వాటర్ కెన్ ఇట్ హోల్డ్, ఇప్పటి లెక్కన 312 టీఎంసీలు. కట్టడానికి ఎన్నాళ్ళు పట్టింది? 1955లో శంకుస్థాపన, 1967లో కాలవలకి నీళ్ళు, హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్.

నిరుడు ఈ వరస అయిపోయాక ఒకమ్మాయికి చివరి ప్రశ్న ఇచ్చాను: ఈ ఏడాది గేట్లు ఎత్తడం ఇది ఎన్నోసారి? బోర్డు వైపు కాసేపు చూసి, "ఎన్నోని వదిలెయ్యనా సార్?" అంది. వదిలెయ్యమన్నాను. "హౌ మెనీ టైమ్స్ హావ్ దే ఓపెన్డ్ ద గేట్స్ దిస్ ఇయర్?" అని రాసి కూర్చుంది.